కోరల్ డ్రా డబ్బా మీది అమ్మాయి

1998లో మా అక్కకి పెళ్లి కుదిరింది. శుభలేఖలు అచ్చు వేయించే పని నా నెత్తిన పడింది. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక చిన్న డీటీపీ సెంటరు ఉండేది. నాన్నగారు ఇచ్చిన కాగితం పట్టుకుని రోజూ సాయంత్రం అక్కడికి వెళ్లి కూర్చునేవాణ్ణి. "చి.ల.సౌ." దగ్గర ఒకసారి, పెదనాన్న గారి పేరులో ఇంటిపేరు దగ్గర ఒకసారి, ఇలా తప్పులు దిద్దించడానికే వారం పట్టింది. ఆ షాపులో సాఫ్ట్‌వేరంతా కాపీ సీడీలే. అయితే ఓనరు ఎక్కడినుంచో కోరల్ డ్రా 8 అసలు అట్టపెట్టె ఒకటి సంపాదించి, వినాయకుడి పటం పక్కన అలంకారంగా పెట్టుకున్నాడు. దాని మీద ఒక అమ్మాయి బొమ్మ. నల్లటి జుట్టు, నడి పాపిట, ఎటో చూస్తున్న కళ్లు.

"ఎవరన్నా ఈవిడ?" అని అడిగాను.

"ఎవరో కాదు తమ్ముడూ, కంప్యూటర్లో గీసిన బొమ్మ. నిజం మనుషులు అంత అందంగా ఎక్కడుంటారు?" అన్నాడు.

నేను నమ్మేశాను. తర్వాత రెండేళ్లకి హెచ్-1 వీసా మీద అమెరికా వచ్చాను. ఆ బొమ్మ నిజంగా ఉన్న మనిషిదేనని, ఆ మనిషి సరిగ్గా నేను శుభలేఖలు దిద్దించుకుంటున్న ఏడాదే, అడక్కుండా తన మొహం డబ్బా మీద వేసుకున్నారని ఆ కంపెనీ మీద కోర్టులో దావా వేసిందని నాకు తెలిసేసరికి చాలా ఏళ్లు గడిచిపోయాయి. ఆ దావా తర్వాత కోర్టు బయట రాజీ అయింది. ఆవిడ పేరు హెడీ లమార్. అప్పటికి ఆవిడ వయసు 83 ఏళ్లు. ఫ్లోరిడాలో ఓర్లాండో దగ్గర ఒక ఇంట్లో ఎవరికీ మొహం చూపించకుండా బతుకుతోంది. ఆవిడ మొహం మాత్రం గవర్నర్‌పేటలో వినాయకుడి పక్కన ఉంది!

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఈమధ్య మా అమ్మాయికి స్కూల్లో ఎవరైనా ఒక మహిళా శాస్త్రవేత్త గురించి రాసుకురమ్మన్నారు. అది హెడీ లమార్‌ని ఎంచుకుంది. "నాన్నా, వైఫై కనిపెట్టింది ఒక సినిమా హీరోయిన్ అని నీకు తెలుసా?" అంటూ వచ్చింది. ఈ ముక్క మీక్కూడా ఏదో ఒక ఫార్వర్డులో వచ్చే ఉంటుంది. నేను పాతికేళ్లుగా కంప్యూటర్ల మీద బతుకుతున్నవాణ్ణి కదా, "అంత సీన్ లేదమ్మా" అనేశాను. అది మొహం ముడుచుకుని "అయితే ఆవిడ ఏమీ చెయ్యలేదంటావా?" అంది. అక్కడ దొరికిపోయాను. ఆవిడ ఏం చేసిందో, ఏం చెయ్యలేదో సరిగ్గా చెప్పడానికి కూర్చుంటే రెండు వారాంతాలు పట్టింది. అదే మీకూ చెప్తాను.

ఆవిడ అసలు పేరు హెడ్విగ్ ఎవా మరియా కీస్లర్. 1914 నవంబర్ 9న వియన్నాలో పుట్టింది. తండ్రి బ్యాంకులో పెద్ద ఉద్యోగి, తల్లి బుడాపెస్ట్ నుంచి వచ్చిన పియానో విద్వాంసురాలు. ఇద్దరివీ యూదు కుటుంబాలు. ఆ తండ్రికి కూతుర్ని వెంటబెట్టుకుని షికారు తిరగడం, దారిలో కనబడిన ట్రాముబండి ఎలా నడుస్తుందో, అచ్చుయంత్రం ఎలా పనిచేస్తుందో విప్పి చెప్పడం అలవాటు. ఐదేళ్ల వయసులోనే పాటలపెట్టె విప్పదీసి మళ్లీ బిగించిందట. మన ఇళ్లలో అయితే వీపు మీద ఒక్కటిచ్చి "ఆడపిల్లవి, నీకెందుకే అవన్నీ" అనేవాళ్లేమో. ఆయన అనలేదు.

పదహారు, పదిహేడేళ్లకే సినిమాల్లోకి వెళ్లింది. 1933లో విడుదలైన 'ఎక్‌స్టసీ' అనే చెక్ సినిమాలో కొన్ని క్షణాలు దుస్తులు లేకుండా కనబడింది. అప్పటికి నిండా 18 ఏళ్లు. ఆ కొన్ని క్షణాలు జన్మంతా వెంటాడాయి. అదే ఏడాది ఫ్రిట్జ్ మాండల్ అనే ఆయనతో పెళ్లయింది. ఆయన ఆస్ట్రియాలో తూటాలు, మందుగుండు తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీకి యజమాని. ఆ సినిమా కాపీలు ఎక్కడ దొరికితే అక్కడ కొనిపారెయ్యడానికి చూశాడు. పెళ్లాన్ని నటించనివ్వలేదు. ఇంటికొచ్చే సైనికాధికారుల, ఆయుధాల వ్యాపారుల విందుల్లో పక్కన నగలు పెట్టుకుని కూర్చోవడమే ఆవిడ పని. వాళ్లు ఆవిడ ముందే టార్పెడోల గురించి, వాటిని దూరం నుంచి నడిపించడంలో ఉన్న చిక్కుల గురించి మాట్లాడుకునేవాళ్లు. బొమ్మకి చెవులుంటాయని ఎవరనుకుంటారు?

1937లో ఆ ఇంట్లోంచి పారిపోయింది. లండన్‌లో ఎంజీఎం అధినేత లూయిస్ బి. మేయర్‌ని కలిస్తే వారానికి 125 డాలర్లు ఇస్తానన్నాడు. ఒప్పుకోలేదు. తర్వాత ఆయన ఎక్కిన నార్మండీ ఓడే తనూ ఎక్కింది. ఓడ న్యూయార్కు చేరేలోపల వారానికి 500 డాలర్ల కాంట్రాక్టు చేతికొచ్చింది. వెండర్ల దగ్గర రేటు మాట్లాడుకోవడం చేతకాక మొదటి మూడేళ్లు నష్టపోయిన నాలాంటివాళ్లు ఈ ఇరవై రెండేళ్ల పిల్ల దగ్గర పాఠం నేర్చుకోవాలి. చచ్చిపోయిన మూకీ సినిమాల తార బార్బరా లా మార్ పేరులోంచి కొత్త ఇంటిపేరు కూడా ఓడమీదే వచ్చింది. 1938లో 'అల్జీర్స్' విడుదలైంది. దాంతో "ప్రపంచంలోకెల్లా అందగత్తె" అన్న బిరుదు తగిలించేశారు.

బిరుదులతో వచ్చే చిక్కేమిటంటే, అవి మోసేవాళ్లకి ఇంకో పని ఇవ్వరు. సినిమాల్లో ఆవిడకి వచ్చినవన్నీ నిలబడి చూసే పాత్రలు. ఆకర్షణగా ఉండటం పెద్ద విద్యేం కాదని, కదలకుండా నిలబడి తెలివితక్కువ చూపు చూస్తే సరిపోతుందని అర్థం వచ్చే మాట ఒకటి ఆవిడ పేరు మీద ఎన్నో ఏళ్లుగా తిరుగుతోంది. అది వేళాకోళంలా వినబడుతుంది గానీ, నాకైతే అందులో బోలెడంత కడుపుమంట కనబడింది. షూటింగు నుంచి ఇంటికొచ్చి ఆవిడ ఏం చేసేదో తెలుసా? డ్రాయింగు బల్ల ముందు కూర్చుని ఏవేవో కనిపెట్టేది. నీళ్లలో వేస్తే కోలా అయ్యే బిళ్ల ఒకటి తయారుచేయాలని చూసింది. అది కుదరలేదని తనే నవ్వుతూ చెప్పుకుంది.

1940 సెప్టెంబర్ 17 రాత్రి అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గామి ఒక ఓడని ముంచేసింది. ఆ ఓడ పేరు 'సిటీ ఆఫ్ బెనారస్'. బాంబుల నుంచి తప్పించడానికి బ్రిటన్ నుంచి కెనడాకి పంపిస్తున్న పిల్లలు 90 మంది అందులో ఉన్నారు. వాళ్లలో 77 మంది చనిపోయారు. మన కాశీ పేరు పెట్టుకున్న ఆ ఓడలో పనిచేసేవాళ్లలో చాలామంది మన దేశం నుంచి వెళ్లిన లస్కర్లు. వాళ్లూ పెద్ద సంఖ్యలో పోయారు. పిల్లల సంగతి పుస్తకాల్లో రాశారు గానీ, వాళ్ల పేర్లు ఎవరూ పెద్దగా తలుచుకోరు. ఆ వార్తలే హెడీని కదిలించాయని ఆవిడ గురించి రాసినవాళ్లు చెప్తారు. జలాంతర్గాముల్ని దెబ్బకొట్టే టార్పెడోని రేడియోతో నడిపించగలిగితే గురి తప్పదు. కానీ ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిపిస్తే శత్రువు దాన్ని పసిగట్టి, అదే ఫ్రీక్వెన్సీలో రొద పెట్టి చెడగొడతాడు. మరి ఎలా?

ఇక్కడ కథలోకి జార్జ్ ఆంథైల్ వస్తాడు. ఈయన సంగీతకారుడు. 1920ల్లో పారిస్‌లో ఒక పెద్ద ప్రయోగం చేశాడు. చిల్లులు పొడిచిన కాగితం చుట్టలతో తమంతట తాము మోగే పియానోలు పదహారింటిని ఒకేసారి మోగించాలనుకున్నాడు. అవి కలిసి నడవక తిప్పలు పడ్డాడు. పొట్టపోసుకోవడానికి పత్రికల్లో గ్రంథుల గురించి వ్యాసాలు కూడా రాసేవాడు. హెడీ మొదట ఆయన్ని కలిసింది కూడా తన వక్షోజాలు పెంచుకోవడానికి గ్రంథుల వైద్యం ఏమన్నా ఉందా అని అడగడానికేనని ఆయన ఆత్మకథలో రాశాడు. చూడండి విడ్డూరం! ప్రపంచంలోకెల్లా అందగత్తె అని పేరుపడ్డ మనిషి, ఇంకా ఏదో తక్కువయిందేమోనని వెళ్లింది. ఇద్దరూ కలిసి టార్పెడో దగ్గర తేలారు.

వాళ్ల ఆలోచన ఇదీ. పంపేచోట ఒక కాగితం చుట్ట, టార్పెడోలో అచ్చం అలాంటిదే ఇంకొకటి. రెండూ ఒకేసారి తిరగడం మొదలెడతాయి. చిల్లు మారినప్పుడల్లా ఫ్రీక్వెన్సీ మారుతుంది. రెండువైపులా ఒకే చిల్లులు కాబట్టి వాళ్లిద్దరికీ మాట అందుతుంది, మధ్యలో వినేవాడికి మాత్రం ముక్కలు ముక్కలుగా గోల వినబడుతుంది. ఎన్ని ఫ్రీక్వెన్సీలు అంటే 88 దాకా పెట్టుకోవచ్చన్నారు. పియానోకి 88 మెట్లు కదా! 1941 జూన్ 10న పేటెంటుకి దరఖాస్తు చేశారు. 1942 ఆగస్టు 11న 2,292,387 నంబరు పేటెంటు వచ్చింది. దాని మీద ఆవిడ పేరు సినిమా పేరు కాదు, హెడీ కీస్లర్ మార్కీ అని ఉంటుంది. అప్పటికి ఆవిడకి 27 ఏళ్లు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. అప్పటికింకా ఆవిడకి అమెరికా పౌరసత్వం లేదు. పుట్టిన ఆస్ట్రియాని 1938లో హిట్లర్ కలిపేసుకున్నాడు కాబట్టి, కాగితాల మీద చూస్తే శత్రుదేశం నుంచి వచ్చిన మనిషి కిందే లెక్క. పౌరసత్వం 1953లో గానీ రాలేదు. ఆ పరిస్థితిలో ఉండి, పరాయి దేశపు నౌకాదళానికి తన ఆలోచన పట్టుకెళ్లి ఇచ్చింది. గ్రీన్‌కార్డు వచ్చేదాకా మేనేజరు మాటకి ఎదురు చెప్పడానికే భయపడ్డవాణ్ణి నేను. ఈ పేరా రాస్తుంటే కొంచెం సిగ్గేసింది.

నౌకాదళం ఏం చేసింది? పక్కన పెట్టేసింది. ఆ యంత్రం టార్పెడోలో పట్టదన్నారు. పియానో పేరు ఎత్తడమే తప్పయిందని, వాళ్లు టార్పెడోలో ఏకంగా పియానోనే పెట్టమంటున్నామని అనుకుని ఉంటారని ఆంథైల్ తర్వాత వాపోయాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నౌకాదళానిది పూర్తిగా మూర్ఖత్వం అనలేం. ఆ రోజుల్లో వాళ్ల మామూలు టార్పెడోలే సరిగ్గా పేలక ఛస్తున్నారు. కానీ ఆవిడకి మాత్రం యుద్ధానికి సాయం చెయ్యాలనుంటే నీ అందంతో యుద్ధ బాండ్లు అమ్మిపెట్టు అన్నారు. అమ్మింది. ఊరూరా తిరిగి, వేదికలెక్కి నవ్వి, కుప్పలుతెప్పలుగా అమ్మింది. బుర్రని వద్దన్నారు, మొహాన్ని వాడుకున్నారు.

మరి వైఫై సంగతేమిటి? మా అమ్మాయికి చెప్పిందే మీకూ చెప్తాను. ఫ్రీక్వెన్సీలు మార్చుకుంటూ పోవడమనే ఆలోచన హెడీకి ముందే కొందరికి వచ్చింది. విలెం బ్రోర్ట్యెస్ అనే నెదర్లాండ్స్ ఇంజనీరుకి 1932లోనే ఇలాంటిదానికి అమెరికా పేటెంటు ఉంది. హెడీ, ఆంథైల్ చేసింది రెండుచోట్లా ఆ మార్పు ఒకేసారి జరిగేలా ఒక కొత్త ఉపాయం చెప్పడం. వాళ్ల పేటెంటు గడువు 1959లో తీరిపోయింది, ఆంథైల్ కూడా అదే ఏడాది పోయాడు. ఇద్దరికీ దాని మీద పైసా రాలేదు. 1997లో వచ్చిన మొదటి వైఫై ప్రమాణంలో ఈ గెంతే పద్ధతి ఒక మార్గంగా ఉండేది గానీ, ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న వైఫై వేరే పద్ధతి మీద నడుస్తుంది. జీపీఎస్‌దీ వేరే దారి. బ్లూటూత్ మాత్రం నిజంగానే గెంతుతుంది. మామూలు బ్లూటూత్ 79 ఛానెళ్ల మధ్య సెకనుకి 1600 సార్లు గెంతుతుంది. అలాగని బ్లూటూత్ చేసినవాళ్లు హెడీ కాగితం ముందు పెట్టుకుని చేశారనీ కాదు. ఒక చెట్టుకి చాలా వేళ్లుంటాయి, ఆవిడది అందులో ఒకటి. అంతకన్నా ఎక్కువ చెప్తే అబద్ధం, తక్కువ చెప్తే అన్యాయం.

నాకు అసలు కోపం ఎక్కడొస్తుందంటే, ఈ రెండు తప్పులకీ మూలం ఒకటే. మొదట, ఇంత అందంగా ఉన్న మనిషికి ఇది ఎలా తెలుస్తుంది అని పక్కన పెట్టారు. తర్వాత, ఇంత అందంగా ఉన్న మనిషి ఇది కనిపెట్టిందా అని నోరు తెరిచి వైఫై అంతా ఆవిడకే కట్టబెట్టారు. రెండుసార్లూ చూసింది మొహాన్నే. ఆ పేటెంటు కాగితం చదివినవాళ్లు అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే.

తర్వాతి కథ అంత బాగుండదు. 1949లో 'శాంసన్ అండ్ డెలైలా' పెద్ద హిట్టు. ఆ తర్వాత అవకాశాలు తగ్గాయి, సొంతంగా తీసిన సినిమాలు ముంచాయి. ఆరు పెళ్లిళ్లు, ఆరూ నిలబడలేదు. 1966లో ఆవిడ పేరుతో ఒక ఆత్మకథ వచ్చింది. రాసింది వేరేవాళ్లు. అందులో ఉన్నది తన జీవితం కాదని ప్రచురించినవాళ్ల మీదే దావా వేసింది. అదే ఏడాది దుకాణంలో దొంగతనం కేసులో అరెస్టయి, నిర్దోషిగా బయటపడింది. 1991లో ఫ్లోరిడాలో మళ్లీ అలాంటి కేసే. మొహం మీద వయసు కనబడకూడదని ఆపరేషన్లు చేయించుకుంది. అవి వికటించాక జనానికి కనబడటం మానేసింది. చివరి ఏళ్లలో సొంత పిల్లలతో కూడా ఎక్కువగా ఫోనులోనే, గంటల తరబడి. యూదు మూలాల సంగతి ఆ పిల్లలకే చెప్పలేదట. ఎంత దాచుకుందో చూడండి. జనం అంత చూసిన మనిషిని నిజంగా చూసినవాళ్లు లేకపోయారు.

1990లో ఫోర్బ్స్ పత్రిక విలేఖరి ఫ్లెమింగ్ మీక్స్ ఆవిడతో ఫోనులో మాట్లాడి రికార్డు చేశాడు. ఆ క్యాసెట్లు పాతికేళ్లు మూలపడి ఉండి, 2017లో వచ్చిన 'బాంబ్‌షెల్' అనే డాక్యుమెంటరీలో వినబడ్డాయి. అందులో ఆవిడ గొంతు వినండి. నవ్వుతుంది, కోప్పడుతుంది, తను చేసిన పని తనకి బాగా గుర్తుందని చెప్తుంది. ఆ సినిమా చివర్లో ఆవిడ తన కొడుక్కి ఫోనులో చదివి వినిపించిన కొన్ని వాక్యాలు వస్తాయి. మంచి చేస్తే స్వార్థమంటారు, అయినా చెయ్యి అన్నట్టు సాగుతాయి. కెంట్ కీత్ అనే ఆయన 1968లో రాసినవి. మా బామ్మ అయితే "ఇందులో కొత్తేముంది, గీతలో కృష్ణుడు చెప్పిందేగా" అని తీసిపారేసేది. కానీ ఫలం అందని మనిషి ఆ మాట చదువుతుంటే వినడం వేరు.

1997లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్లు ఆ పేటెంటుకి గాను అవార్డు ఇచ్చారు. కొడుకు వెళ్లి తీసుకున్నాడు. ఫోనులో ఆ కబురు విని, ఇప్పటికైనా గుర్తొచ్చిందన్నమాట అని అర్థం వచ్చేలా అందిట. 2000 జనవరి 19న, 85వ ఏట, ఆవిడ పోయింది. 2014లో అమెరికా ఆవిష్కర్తల హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చారు.

ఇదంతా మా అమ్మాయికి చెప్తుంటే నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. అది దానికీ చెప్పాను, మీకూ చెప్తాను.

2004 ప్రాంతంలో ఒక ప్రాజెక్టులో మా టీంలో ఒక తెలుగమ్మాయి ఉండేది. చక్కటి పిల్ల, తెలివైనది. క్లయింటు తరఫున ఎవరన్నా పెద్దవాళ్లు వస్తే పూలగుత్తి ఇచ్చి ఆహ్వానించే పని ఎప్పుడూ ఆమెకే. రాత్రిపూట నడిచే ఒక బ్యాచ్ జాబ్ మధ్యలో ఆగిపోతే మొత్తం మొదటినుంచి నడపాల్సి వచ్చేది. ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని అక్కడినుంచి మొదలెడదాం, ఇలా చేద్దాం అని ఒక మీటింగులో ఆమె చెప్పింది. మేనేజరు నవ్వి వేరే విషయంలోకి వెళ్లిపోయాడు. పావుగంట తర్వాత అదే మాట నేను చెప్పాను. "అద్భుతం" అన్నాడు. ఇది ఆవిడ చెప్పిందండీ అనడానికి నాకు ఒక్క క్షణం చాలు. అనలేదు. ఆ ఏడాది చివర్లో నా అప్రైజల్‌లో కూడా అది నా ఖాతాలోనే పడింది. లంచ్ దగ్గర ఆమె ఒక్కమాటే అంది, "మీరు చెప్తే విన్నారు కదండీ." అందులో వెటకారం ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆర్నెల్లకి వేరే ఊరు వెళ్లిపోయింది.

హెడీని పక్కన పెట్టిన నౌకాదళం వాళ్ల మీద ఇంత కోపం తెచ్చుకున్నాను గానీ, వాళ్లు పరాయివాళ్లు. నేను ఆ బల్ల దగ్గర ఆమె పక్కనే కూర్చున్నవాణ్ణి.

మా అమ్మాయి అంతా విని తన వ్యాసంలో వైఫై అన్న ముక్క కొట్టేసి, కాగితం చుట్టల బొమ్మ ఒకటి గీసుకుంది. హెడీ ఫోటో మాత్రం పెట్టలేదు. ఎందుకని అడిగితే "అందరూ అదే చూస్తారు నాన్నా" అంది. తర్వాత తల ఎత్తకుండానే "మరి ఆ ఆంటీకి సారీ చెప్పావా?" అని అడిగింది.

చెప్పలేదు. పాత టీంమేట్ ఒకాయన్ని పట్టుకుని నిన్న ఆవిడ నంబరు సంపాదించాను. ఇప్పుడు డల్లాస్‌లో ఉంటోందట. ఈ శనివారం ఫోను చేస్తాను. ఇరవై ఏళ్ల తర్వాత ఇదేం గోలండీ అని నవ్వుతుందేమో. నవ్వనీ.